మానిటర్ ఆన్‌లోనే ఉంది, కంప్యూటర్ మాత్రం గుర్తించడం లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మానిటర్ "డిటెక్ట్" కావడమంటే అసలు ఏం జరుగుతుంది?

కేబుల్ గుచ్చగానే బొమ్మ వచ్చేయదు. అంతకు ముందు కంప్యూటర్‌కీ మానిటర్‌కీ మధ్య క్షణంలో ముగిసే పలకరింపు ఒకటి నడుస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే కంప్యూటర్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ బదులుగా 19వ పిన్ను మీద వోల్టేజీ పెడుతుంది. దీన్నే హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు, క్లాసులో హాజరు పలికినట్టు. తర్వాత 15, 16 పిన్నుల మీదుగా కంప్యూటర్ మానిటర్‌లోని చిన్న మెమరీ చిప్పును చదువుతుంది. తయారీ కంపెనీ, మోడల్, చూపగల రిజల్యూషన్లు, రిఫ్రెష్ రేట్లు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో) అందులో రాసి ఉంటాయి. ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. దాని మొదటి భాగం కేవలం 128 బైట్లు.

అంటే బొమ్మను మోసే తీగలన్నీ బాగున్నా, ఈ నాలుగు పిన్నుల్లో ఒక్కటి తేడా చేస్తే మానిటర్ లేనట్టే లెక్క కావచ్చు. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం కేబుల్‌లో పిన్నుల నంబర్లు వేరుగానీ పద్ధతి దాదాపు ఇదే. పాత వీజీఏకి హాజరు పలికే పిన్ను లేదు. అందుకే అందులో ఈడీఐడీ అందకపోయినా బొమ్మ రావచ్చు, కాకపోతే విండోస్ డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కు కలిసిన పరికరాల జాబితా) "జెనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్" అని కనిపించి, తక్కువ రిజల్యూషన్లే దొరుకుతాయి.

మొదట ఏం చూడాలి?

తెర మీద ఏముందో చూడండి. "నో సిగ్నల్" అనో "చెక్ కేబుల్" అనో రాసి వస్తే మానిటర్ ప్రాణంతోనే ఉంది, లోపం దానికి వచ్చే దారిలో ఉంది. అసలేమీ లేకపోతే మానిటర్ మెనూ బటన్ నొక్కండి. మెనూ వచ్చిందంటే ప్యానెల్, బ్యాక్‌లైట్ రెండూ పనిచేస్తున్నాయి.

మెనూ కూడా కనిపించలేదా? గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, కొంచెం వాలుగా పట్టుకుని చూడండి. మసకగా అక్షరాలు, ఐకాన్లు కనిపిస్తే కంప్యూటర్ మానిటర్‌ను గుర్తించింది, బొమ్మ కూడా వచ్చింది. వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ పోయింది. అప్పుడు డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) మార్చినా, విండోస్ మళ్లీ వేసినా ఉపయోగం లేదు.

నిన్నటిదాకా బాగానే ఉంది. కరెంటు పోయి వచ్చాక "నో సిగ్నల్" అంటోంది. ఏం చేయాలి?

వోల్టేజీ ఎగుడుదిగుళ్ల తర్వాత మానిటర్‌లోని కంట్రోలర్ చిప్పు అటూ ఇటూ కాని స్థితిలో ఇరుక్కుపోతుంటుంది. ముందున్న పవర్ బటన్ నొక్కితే అది స్టాండ్‌బైలోకి వెళ్తుందే తప్ప పూర్తిగా ఆగదు. దాన్ని నిజంగా ఆపాలంటే ఇలా చేయండి:

1. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, మానిటర్ ప్లగ్గునూ సీపీయూ డబ్బా ప్లగ్గునూ గోడ దగ్గరే పీకేయండి. ఇన్వర్టర్, యూపీఎస్ ఉన్నాసరే.
2. వీడియో కేబుల్ రెండు చివరలా తీసేయండి. దీన్ని వదిలేస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది.
3. రెండిటి పవర్ బటన్లూ 20-30 సెకన్లు నొక్కి పట్టండి. మిగిలిన చార్జి దిగిపోతుంది.
4. అయిదు నిమిషాలు ఆగండి.
5. ముందు కేబుల్ బిగించండి, తర్వాత మానిటర్ ఆన్ చేయండి, ఆఖర్న కంప్యూటర్.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి, మూసిపెట్టకుండా పూర్తిగా ఆపి, పవర్ బటన్ అంతసేపూ నొక్కి పట్టుకుంటే చాలు.

కేబుల్ బాగానే ఉంది, బిగించే ఉంది. ఇంకేం చూడాలి?

"బాగానే ఉంది" అన్న మాట ఇంకో కేబుల్ పెట్టి చూశాకే అనాలి. బయటికి కొత్తగా కనిపించే కేబుల్‌లో లోపల, కనెక్టర్ మెడ దగ్గర, తీగ తెగి ఉండొచ్చు. టేబుల్ గోడకు ఆనుకుని కేబుల్ మడత పడే ఇళ్లలో ఇది మామూలే.

మార్చి చూడటంలో ఒక వరస పాటించండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మొదట కేబుల్. తర్వాత అదే కేబుల్‌తో మానిటర్‌లో రెండో పోర్టు. ఆ తర్వాత కంప్యూటర్‌లో రెండో పోర్టు. చివరగా అదే మానిటర్‌కు వేరే ల్యాప్‌టాప్‌నో సెట్‌టాప్ బాక్సునో కలపండి. ఇంట్లో టీవీ ఉంటే కంప్యూటర్‌ను దానికి కలిపి చూడండి. దోషి ఎవరో ఈ నాలుగైదు మార్పుల్లోనే తేలుతుంది. మూడు ఒకేసారి మార్చి బొమ్మ తెప్పించుకుంటే ఏది పోయిందో తెలియదు, వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తారు.

కేబుల్ తీసినప్పుడు కనెక్టర్ లోపలికి టార్చి వేసి చూడండి. వీజీఏ మగ కొసలో ఒక పిన్ను పడుకుని ఉండొచ్చు, సన్నటి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నిలబెడితే సరిపోతుంది. ఒక గది ఖాళీగా ఉంటే కంగారు పడకండి, చాలా వీజీఏ కేబుళ్లకు 9వ పిన్ను పుట్టుకతోనే ఉండదు. హెచ్‌డీఎంఐ పోర్టులో మధ్యనుండే నల్లటి నాలుక విరిగినా వంగినా ఆ పోర్టును ఇక వాడకండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌కు తాళం ఉంటుంది, పైనున్న బటన్ నొక్కకుండా లాగితే పోర్టే ఊడి రావచ్చు.

మానిటర్‌లో "సోర్స్" మార్చాలంటున్నారు. అదేమిటి?

మానిటర్ ఏ పోర్టు వైపు చూడాలో చెప్పే సెట్టింగ్. కేబుల్ హెచ్‌డీఎంఐ 2లో ఉండి సోర్స్ హెచ్‌డీఎంఐ 1లో ఉంటే రోజంతా "నో సిగ్నలే". "ఆటో" మీద ఉన్నా నమ్మకండి. ఆటో ఒక్కో పోర్టునూ తడుముకుంటూ తిరిగేలోపు కంప్యూటర్ బూట్ అయిపోతుంది. కేబుల్ ఉన్న పోర్టును చేత్తోనే ఎంచుకుని వదిలేయండి.

కొత్తగా గ్రాఫిక్స్ కార్డు వేయించాం. అప్పటినుంచి మానిటర్ రావడం లేదు.

కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. డబ్బా వెనక నిలువుగా, యూఎస్‌బీ, ఆడియో పోర్టుల పక్కనుండేవి మదర్‌బోర్డువి (కంప్యూటర్ ప్రధాన బోర్డు). కింద అడ్డంగా విడిగా ఉండేవి కార్డువి. కార్డు ఉంటే చాలా మదర్‌బోర్డులు తమ సొంత పోర్టులను ఆపేస్తాయి. కేబుల్ కార్డుకే పెట్టాలి.

ఇంకో సంగతి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. ఏఎమ్‌డీలో రైజెన్ 5 5600ఎక్స్ కూడా అంతే. అలాంటి మెషిన్‌లో కార్డు తీసేసి మదర్‌బోర్డు పోర్టుతో పరీక్షించి "బోర్డు పోయింది" అని తేల్చేయడం తప్పు. ఆ పోర్టులో బొమ్మ ఎన్నడూ రాదు.

కార్డుకు విడిగా 6 పిన్నులదో 8 పిన్నులదో పవర్ కేబుల్ కావాలంటే అది బిగించారో లేదో చూడండి. ఫ్యాన్ తిరుగుతోంది కదా అనుకోవద్దు, స్లాట్ నుంచి వచ్చే కరెంటుతో కూడా ఫ్యాన్ తిరగవచ్చు.

సీపీయూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నిద్రలోనే ఉంది. మానిటర్ పోయినట్టేనా?

చాలావరకు కాదు. కంప్యూటరే లేవలేదు. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే మెషిన్ నడుస్తోంది, లోపం బొమ్మ వైపుంది. లైటులో చలనం లేకపోతే ముందు ర్యామ్‌ను (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) అనుమానించండి.

ప్లగ్గు పీకి, డబ్బా తెరిచి, ర్యామ్ స్టిక్కు రెండు పక్కలా ఉన్న క్లిప్పులు తెరిచి బయటికి తీయండి (కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది). బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా తుడిచి, పొడి దులిపి, తిరిగి పెట్టండి. రెండు బొటనవేళ్లతో నిలువుగా నొక్కితే క్లిప్పు తనంతట తాను "టిక్" మంటూ పడాలి. ఆ చప్పుడు రాకపోతే సగమే దిగినట్టు. రెండు స్టిక్కులుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడండి. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనూ ఈ అంచుల మీద పొర త్వరగా పేరుకుంటుంది.

చాలా కొత్త బోర్డుల్లో సీపీయూ, డీర్యామ్ (అంటే ర్యామ్), వీజీఏ (ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తేడా అక్కడ. డీడీఆర్5 ర్యామ్ కొత్తగా వేసినప్పుడు మొదటిసారి బొమ్మ రావడానికి కొన్ని నిమిషాలు పట్టడం సహజం, మధ్యలో ఆపేయకండి.

ఇంకా రాకపోతే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌ను మొదటి స్థితికి తేవాలి. ప్లగ్గు పీకి, బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి. ఏళ్లు గడిచిన బ్యాటరీ అయితే కొత్తది వేయడమే మేలు.

ఒక మానిటర్ వస్తోంది, రెండోదాన్ని విండోస్ చూడటం లేదు.

విండోస్ కీ, పి కలిపి నొక్కండి. "పీసీ స్క్రీన్ ఓన్లీ" మీద ఉంటే "ఎక్స్‌టెండ్" ఎంచుకోండి. పొరపాటున ఈ కీలు తగిలి సెట్టింగ్ మారిపోవడం మనం అనుకునే దానికన్నా ఎక్కువ.

అప్పటికీ రాకపోతే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కండి. తెర ఒకసారి ఆరి వెలుగుతుంది, బీప్ వినిపించవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా మొదలైంది. తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు.

ఆపైన సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అందులో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద డిటెక్ట్. ఇక్కడా కనిపించకపోతే విండోస్‌కు హాజరు పలుకు అందలేదన్నమాట, తిరిగి కేబుల్, పోర్టుల దగ్గరికి వెళ్లాలి.

విండోస్ అప్‌డేట్ అయ్యాకే మానిటర్ పోయింది. వెనక్కి ఎలా వెళ్లాలి?

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవర్ లేదు. దాంతో రెండో మానిటర్ ఆశ పెట్టుకోకండి. ఎన్విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్... మీ కార్డు ఎవరిదైతే వాళ్ల సైట్ నుంచి డ్రైవర్ దింపుకోండి. ల్యాప్‌టాప్ అయితే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చింది వేయండి.

కార్డు పేరు సరిగ్గానే కనిపిస్తే దాని మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" ప్రయత్నించండి. ఆ బటన్ మసకబారి ఉంటే పాత డ్రైవర్ నిల్వ లేదు. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తగా వేయాలి.

డ్రైవర్ మార్చాక "షట్‌డౌన్" చేసి ఆన్ చేయకండి, "రీస్టార్ట్" చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్‌లో తన లోపలి స్థితిని దాచిపెట్టి, మళ్లీ అదే ఎక్కిస్తుంది. ఆపి మళ్లీ వేసినా తేడా పోవడం లేదంటూ కొత్త మానిటర్ కొనేసేవాళ్లలో కొందరికి రీస్టార్ట్ ఒక్కటే సరిపోయేది.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ ఒక్కసారిగా పనిచేయడం మానేసింది.

ఇలాంటి చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా విడి గ్రాఫిక్స్ చిప్పుకే కలిసి ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం "ఎకో" మోడ్ పెడితే ఆ చిప్పు నిద్రపోతుంది, దాంతో పోర్టూ పోతుంది. మోడ్ మార్చి రీస్టార్ట్ చేయండి.

కన్వర్టర్ పెట్టాం, అయినా రావడం లేదు.

కన్వర్టర్ల విషయంలో గుర్తుంచుకోవాల్సింది దిశ. డబ్బా మీద "డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ" అని ఉంటే కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. తిప్పి పెడితే రెండు కొసలూ చక్కగా దూరతాయి, బొమ్మ మాత్రం రాదు. కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ అయితే విడిగా యూఎస్‌బీ కరెంటు తీసుకునే యాక్టివ్ కన్వర్టర్ కావాలి.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేదానిలో చిన్న చిప్పు ఉంటుంది. అది పోర్టు ఇచ్చే 5 వోల్టులతో నడుస్తుంది. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల పోర్టు దానికి సరిపడా కరెంటు ఇవ్వలేదు. పక్కన మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉన్న రకం కొంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. కన్వర్టర్‌ను వేలితో తాకి చూడండి: గోరువెచ్చగా ఉంటే మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే పారేయండి.

డీవీఐ అనే పాత రకం పోర్టులో బల్లపరుపు పిన్ను చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉంటేనే వీజీఏకి మారే అనలాగ్ సిగ్నల్ వస్తుంది. ఆ నాలుగూ లేకపోతే చౌక మార్పిడి ముక్క పనిచేయదు.

యూఎస్‌బీ-సీతో మానిటర్ కలిపితే చార్జింగ్ అవుతోంది, బొమ్మ రావడం లేదు.

యూఎస్‌బీ-సీ అన్నది రంధ్రం ఆకారం పేరే. అందులోంచి బొమ్మ రావాలంటే పోర్టుకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ కానీ థండర్‌బోల్ట్ కానీ ఉండాలి. రంధ్రం పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో మెరుపు గుర్తో ఉందేమో చూడండి. అది ఉన్నా, ఫోన్‌తో వచ్చిన చార్జింగ్ కేబుల్ వాడితే రాకపోవచ్చు. వాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి.

మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎం1, ఎం2 చిప్పులు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. రెండోది కనిపించకపోవడం అక్కడ రిపేరు కాదు. డిస్‌ప్లేలింక్ రకం డాక్ (యూఎస్‌బీ ద్వారా బొమ్మ పంపే పెట్టె) వాడితే దాటవచ్చు గానీ దానికి డ్రైవర్ వేసుకోవాలి. మ్యాక్‌లో డిస్‌ప్లేస్ సెట్టింగ్ తెరిచి ఆప్షన్ కీ పట్టుకుంటే దాగి ఉన్న "డిటెక్ట్ డిస్‌ప్లేస్" బటన్ బయటపడుతుంది.

రిఫ్రెష్ రేటు మార్చాను. "అవుట్ ఆఫ్ రేంజ్" అని వచ్చి తెర పోయింది.

ఏమీ ముట్టుకోకుండా 15 సెకన్లు ఆగండి, విండోస్ తనే వెనక్కి వెళ్తుంది. చీకట్లో ఎంటర్ నొక్కేసి ఒప్పుకున్నారంటే టీవీనో వేరే మానిటరో కలిపి మార్చుకోండి. అదీ లేకపోతే సేఫ్ మోడ్‌లో (అతి తక్కువ డ్రైవర్లతో విండోస్ మొదలయ్యే పద్ధతి) మార్చుకోండి.

4కే మానిటర్ రెండు సెకన్లు వచ్చి పోతూ ఉంటుంది.

4కే, 60 హెర్ట్జ్ బొమ్మకు సెకనుకు 18 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. పాత సెట్‌టాప్ బాక్సు కేబుల్ ఆ వేగాన్ని మోయలేక తడబడుతుంది. ఒకసారి 30 హెర్ట్జ్‌కో 1080పి రిజల్యూషన్‌కో తగ్గించండి. స్థిరంగా నిలబడితే కేబులే దోషి. పొడవు 5 మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్‌ను నమ్ముకోవద్దు.

నిద్ర నుంచి లేపాక డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ కనిపించదు. కేబుల్ తీసి పెడితే వస్తుంది.

కొన్ని మానిటర్లు గాఢనిద్రలోకి వెళ్లినప్పుడు హాజరు పిన్నును కూడా ఆపేస్తాయి. కంప్యూటర్ దృష్టిలో కేబుల్ పీకేసినట్టే. మానిటర్ మెనూలో "డీప్ స్లీప్" లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆపండి, ఆటో సోర్స్ కూడా ఆపండి.

డిస్‌ప్లేపోర్ట్‌లోనే ఇంకో వింత ఉంది. మానిటర్ ఆన్‌లో ఉంటే కంప్యూటర్ బూట్ కాదు, లేదా కంప్యూటర్ ఆపినా కార్డు లైట్లు మినుకుమంటూ ఉంటాయి. చవక కేబుల్‌లో 20వ పిన్ను రెండు కొసలా కలిపేయడం దీనికి కారణం. ఆ పిన్ను మీద 3.3 వోల్టులుంటాయి, ప్రమాణం ప్రకారం మామూలు కేబుల్‌లో దాన్ని కలపకూడదు. కేబుల్ మార్చేయండి, సర్దుకుపోవాలని చూడకండి.

విండోస్ వచ్చాక బొమ్మ ఉంటుంది. అంతకుముందు బయోస్ తెర కనబడదు.

జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులకు డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో ఈ లోపం ఉండేది. ఎన్విడియా 2018లో ఇందుకోసం ఫర్మ్‌వేర్ (కార్డులోపలి సాఫ్ట్‌వేర్) మార్చే టూల్ ఇచ్చింది. పాత కార్డు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ముందు దీన్ని నడపండి. అది నడుస్తున్నంతసేపు కరెంటు పోకుండా యూపీఎస్ మీద ఉంచండి. తాత్కాలికంగా హెచ్‌డీఎంఐ పెట్టుకున్నా బయోస్ కనిపిస్తుంది.

కేబుల్ పెడుతుంటే చురుక్కుమంది. అప్పటినుంచి ఆ పోర్టు పనిచేయడం లేదు.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎర్తింగ్ సరిగా లేని మన ఇళ్లలో పోర్టులు పోవడానికి ఇది పెద్ద కారణం.

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (డబ్బాలోని పవర్ సప్లై) లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బా లోహానికి కలిసి ఉంటాయి. అవి ఉండటం తప్పు కాదు, కరెంటు లైనులోని రొదను అవి ఎర్త్‌లోకి పంపుతాయి. ఎర్త్ లేకపోతే మాత్రం డబ్బా మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి చేతికి చిరచిరలాడుతుంది, టెస్టర్ మసకగా వెలుగుతుంది. అటువైపు టీవీకి కేబుల్ ఆపరేటర్ వైరు కలిసి ఉంటే దాని దారి వేరు. ఈ రెండిటినీ హెచ్‌డీఎంఐతో కలిపే క్షణంలో ఆ తేడా అంతా కేబుల్ గుండా సర్దుకోవాలని చూస్తుంది. కేబుల్ వంకరగా దూరి పిన్నులు ముందు తగిలాయో, ఈడీఐడీ చదివే సన్నటి లైన్లు దెబ్బతింటాయి. తర్వాత పోర్టు 5 వోల్టులు ఇస్తుంది, హాజరు కూడా పలుకుతుంది, మానిటర్ పేరు మాత్రం చదవలేదు.

అందుకని వీడియో కేబుల్ పెట్టేముందు రెండు వైపులా ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపడం చాలదు, కొన్ని బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్‌కే పడి ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే మార్పిడిని కంప్యూటర్‌కు వాడకండి. డబ్బా ముట్టుకుంటే గట్టిగా షాక్ కొడుతుంటే అది ఈ లీకేజీ కాకపోవచ్చు, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మానిటర్ లైటు వెలిగి ఆరిపోతూ ఉంది. తెరిచి చూడొచ్చా?

బయటి అడాప్టర్ ఉన్న రకమైతే ముందు అడాప్టర్ మార్చి చూడండి. దాని మీద రాసిన వోల్టేజీ, పిన్ను కొలత సరిగ్గా అవే ఉండాలి, యాంపియర్లు సమానమో ఎక్కువో ఉండాలి. 12 వోల్టుల మానిటర్‌కు 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే బోర్డు పోతుంది.

పవర్ సప్లై లోపలే ఉన్న రకాన్ని ఇంట్లో తెరవకండి. పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా కాసేపు అవి నిలిచి ఉంటాయి. మెకానిక్ తెరిస్తే మొదట చూసేది తల ఉబ్బిన చిన్న కెపాసిటర్లనే. అవి మార్చడం చౌక పని.

రిపేరుకు ఇవ్వడమా, కొత్తది కొనడమా?

వారంటీ కాగితం ముందు చూడండి, చాలా మానిటర్లకు మూడేళ్లు ఉంటుంది. సీలు విప్పితే అది పోతుంది. వారంటీ లేకపోతే: అడాప్టర్, కెపాసిటర్లు, హెచ్‌డీఎంఐ పోర్టు టంకం, బ్యాక్‌లైట్ స్ట్రిప్ బాగు చేయించదగ్గవి. ప్యానెల్ పగిలితే వద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌లో పాత మానిటర్ల బోర్డుల కోసం వెతకడం తేలిక.

షాపుకు మానిటర్ ఒక్కటే మోసుకెళ్లకండి. మీ కేబుల్, కన్వర్టర్, అడాప్టర్ కూడా తీసుకెళ్లండి. వెనక స్టిక్కరు మీది మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. ఏ పోర్టుతో వచ్చింది, ఏ పోర్టుతో రాలేదు, వేరే ల్యాప్‌టాప్‌తో ఏమైంది అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. "డిస్‌ప్లే రావట్లేదు" అని మాత్రమే చెబితే అన్నీ మొదట్నుంచి వాళ్లే చూడాలి, ఆ చూసినందుకూ బిల్లు పడుతుంది.